చిటికెన వేలి గీత

"ఈ రెండు చుక్కల్తో ఏమొస్తాది మే? గొంతు కూడా తడవదు."

వడమాలపేట బస్టాపు షెడ్డులో పోలియో చుక్కల బల్ల వెనక కూర్చున్న పల్లవి తలెత్తింది. డిసెంబరు వాన సన్నగా పడుతోంది. వానలో ఒక టీవీఎస్ బండి, బండి మీద తడిసిన చొక్కా, చొక్కాలో నవ్వుతున్న మనిషి. అతని ముందు నాలుగేళ్ళ పాప రెండు చేతులతో నోరు మూసుకుని కూర్చుంది.

"గొంతు తడుపుకునేదానికి పక్కనే సోడా అంగడి ఉండాది. ఈడ పిలకాయలకు మాత్రమే," అంది పల్లవి. "ఇంకో మాట. నాకు పేరుండాది. మే కాదు."

"ఏం పేరో?"

"చుక్కలు పోయించుకునే వాళ్ళకు నా పేరుతో పని లేదు."

పక్కనున్న నర్సమ్మ యశోదమ్మ నవ్వు ఆపుకుంది. "జయచంద్రా, ఆ బిడ్డతో పెట్టుకోవద్దప్పా. పొద్దున్నే సర్పంచినే వరసలో నిలబెట్టింది," అని, పల్లవి వైపు తిరిగింది. "మన సూది డాక్టరు పరంధామయ్య కొడుకు. తిరుపతిలో ఫార్మసీ చదివి వచ్చినాడు. వాళ్ళ నాయన క్లినిక్ పక్కనే మందులంగడి పెట్టినాడు. ఈ పాప వాళ్ళక్క బిడ్డ."

పరంధామయ్య పేరు వినగానే పల్లవి చేతిలో చుక్కల సీసా ఆగింది. జయచంద్ర అది గమనించలేదు.

"నేను చెప్పేది తప్పా సిస్టర్? జ్వరం రానీ. వచ్చినాక మా నాయన ఒక సూది ఏస్తే సందేళకు దిగిపోతాది. ట్రీట్‌మెంట్ చేతిలో పెట్టుకుని రాని రోగానికి ఇంత ఆర్భాటమెందుకు?"

"మీ ఇంటికి వాన మొదలైనాక కప్పు వేసుకుంటారా?" అంది పల్లవి.

"వాన మొదలైనాక గొడుగు తీస్తాము."

"గొడుక్కు ఆగని వానలుంటాయి. పాప నోరు తెరిపించండి సార్."

పాప నోరు తెరవలేదు. పల్లవి తన నాలుక బయటపెట్టి వెక్కిరించింది. పాప నవ్వింది. నవ్విన నోట్లో రెండు చుక్కలు పడ్డాయి. ఏం జరిగిందో పాపకు తెలిసేలోపే ఎడమ చేతి చిటికెన వేలి గోటి మీద నల్ల మార్కరుతో గీత కూడా పడింది.

జయచంద్ర తన వేలు కూడా చాచాడు. "నాకూ పెట్టు. లేకుంటే రేపు ఇంటింటికీ తిరిగి నన్ను వెతుకుతారు."

ఆ గొంతులోని అల్లరికి పల్లవికి నవ్వు వచ్చింది. వేలు పట్టుకుని గోరు దాటి కణుపు దాకా గీసేసింది.

"మరి చుక్కలు?"

"ఐదేళ్ళ లోపోళ్ళకే. నీ బుద్ధి సరిపోతాది గానీ వయసు ఒప్పుకోదు."

ఐసు డబ్బా దగ్గర పెట్టుకుందామని ఆమె లేచింది. లంగా కింద కుడికాలికున్న ఇనుప పట్టీ బల్లకు తగిలి ఖంగుమంది. తర్వాత మనుషుల ముఖాలు ఎలా మారతాయో పల్లవికి తెలుసు. అయ్యో అనే కళ్ళు, చూడనట్టు తిప్పుకునే తలలు. అందుకే అటు చూడలేదు.

"అది బరువుగా ఉన్నట్టుండాది, ఇట్లియ్యి," అని అతను డబ్బా ఎత్తి బల్ల మీద పెట్టాడు. కాలి గురించి ఒక్క మాట అనలేదు. "పేరు చెప్పలేదు," అన్నాడు.

"పల్లవి."

అలా మొదలైంది.

మర్నాటి నుంచి ఇంటింటికీ తిరగాలి. గీత లేని పిల్లలను వెతికి చుక్కలు వేయాలి. పల్లవికి నడవడం కష్టం. ఆ సంగతి ఎవరు చెప్పారో గానీ టీవీఎస్ బండి వచ్చి నిలబడింది.

"అంగడి ఎవరు చూస్తారు?"

"జ్వరాలు రావంటివి గదా, ఇంక అంగడికి ఎవరొస్తారు?"

బండి మీద డబ్బా వెళ్ళేది, బండి పక్కన మాటలు నడిచేవి. కొన్ని దినాలకు డబ్బాతో పాటు పల్లవి కూడా వెనక కూర్చుంది, మధ్యలో డబ్బా పెట్టుకుని. ఆ డబ్బాలో ఐసు కరిగేది వాళ్ళ వల్లేనని యశోదమ్మ ఎగతాళి చేసేది.

జనవరి విడత నాటికి పిల్లల వేళ్ళ మీది గీతలన్నీ చెరిగిపోయాయి. జయచంద్ర వేలి మీద మాత్రం అలాగే ఉంది.

"అదేం మార్కరప్పా, నీ ఒక్కడికే పోకుండా ఉండాది?"

అతను తల గోక్కున్నాడు. "మా అంగట్లో కూడా మార్కరుండాది. స్నానం చేసినప్పుడంతా మళ్ళీ గీసుకుంటా ఉండా."

పల్లవి ముఖం తిప్పుకుంది. వాన లేదు, అయినా చెంపలు తడిశాయి. ఆ రాత్రి ఆమె మనసు పారవశ్యంలో ఉండాల్సింది. కానీ పరంధామయ్య గుర్తుకొచ్చాడు.

పల్లవికి రెండేళ్ళప్పుడు ఒళ్ళు కాలిపోయే జ్వరం వచ్చింది. తల్లి నాగరత్నమ్మ చంకనేసుకుని వడమాలపేటకు పరిగెత్తుకొచ్చింది. పరంధామయ్య కుడి తుంటి మీద సూది వేశాడు. జ్వరం తగ్గింది. జ్వరం తగ్గిన బిడ్డను నేల మీద నిలబెడితే కుడికాలు నిలబడలేదు. ఊరంతా ఒకే మాట అంది. ఆ మహానుభావుడు సూది వేయబట్టి ప్రాణం దక్కింది, కాలిదేముంది. పల్లవి తండ్రి మునిరామయ్య చెరుకు రైతు. ఏటా గానుగ ఆడగానే మొదటి పాకం బెల్లం పరంధామయ్య ఇంటికి పంపుతాడు. మొక్కు చెల్లించినట్టు.

డిసెంబరు విడతకు ముందు పుత్తూరులో చుక్కల శిక్షణ జరిగింది. అక్కడి డాక్టరమ్మ ఒక మాట చెప్పింది. దేశదేశాలూ తిరిగి లక్షల కాళ్ళు తీసుకున్న వైరస్ ఇది. ఒకసారి వస్తే ఏ మందూ దీన్ని తిప్పి పంపలేదు. రాకముందే చుక్కలు వేయాలి. అంతేకాదు, ఈ వైరస్ ఒంట్లో ఉన్న బిడ్డకు జ్వరమని తుంటి మీద సూది పొడిస్తే, ఊరికే పోవలసిన జ్వరం కూడా ఆ కాలిని పట్టుకోవచ్చు. అందుకే జ్వరమున్న పసిబిడ్డకు అవసరం లేని సూది వేయొద్దు.

అందరూ తలలూపారు. పల్లవి తన కుడికాలిని చూసుకుంటూ ఉండిపోయింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే అమ్మ ఏమవుతుంది? చంకనేసుకుని పరిగెత్తినది అమ్మే గదా.

గానుగ దగ్గర పెనంలో చెరుకు పాకం కుతకుతలాడుతోంది. మునిరామయ్య అవతల ఎడ్లకు మేత వేస్తున్నాడు. బెల్లం కావాలనే నెపంతో వచ్చిన జయచంద్ర పొగలో కళ్ళు నలుపుకుంటూ నిలబడ్డాడు.

"నేనొకటి అడగాల," అన్నాడు.

"బెల్లమైతే ఇంకా పాకంలోనే ఉండాది."

"బెల్లం కాదు. నిన్ను చేసుకోవాలని ఉండాది. మా నాయనతో చెప్పేకి ముందు నిన్నడుగుదామని."

ఈ మాట కోసం ఎదురుచూడని దినం లేదు. వచ్చేసరికి పల్లవికి ముందు తన కాలే గుర్తొచ్చింది.

"నా కాలు ఎట్లా పోయిందో నీకు తెలుసునా?"

"పోలియో గదా."

పల్లవి చెప్పింది. సూది సంగతి, డాక్టరమ్మ మాట, అంతా. చెబుతున్నంత సేపూ అతను పాకం వైపే చూశాడు.

"మా నాయన తెలిసి చేసినాడంటావా?"

"అట్లని నేను అనలేదు. ఆ కాలంలో ఎవురికి తెలుసు? చుక్కలు మా అమ్మోళ్ళూ వేయించలేదు. నా కాలుకు లెక్క అడగడం లేదు జయా. కానీ ఇప్పటికీ మీ క్లినిక్ ముందర జ్వరం బిడ్డలు వరసలో ఉంటారు. మీ నాయనకు చెప్పు. తెలిసినాక మానుకుంటే నేను మీ ఇంటికొస్తా."

"మానుకోకపోతే?"

"ఆ ఇంట్లో నేను బిడ్డను కనలేను. ఆ బిడ్డకు జ్వరమొస్తే నాకు నిద్దర పట్టదు."

జయచంద్ర ఒక చెరుకు పిప్పి తీసి పొయ్యిలో వేశాడు. తర్వాత గీత ఉన్న వేలు చూపించి, "దీని మీద ఒట్టు. మానిపిస్తా," అన్నాడు.

పరంధామయ్య చెడ్డవాడు కాదు. వానైనా చలైనా పిలిచిన ఇంటికి సైకిలు మీద వెళ్ళేవాడు. కొడుకు చెప్పింది విని గుమ్మంలో కూర్చుండిపోయాడని, ఆ పూట అన్నం ముట్టలేదని తర్వాత తెలిసింది. మూడో నాడు తాంబూలం పళ్ళెంతో తనే మునిరామయ్య ఇంటికి వచ్చాడు. పల్లవి కాలి వైపు చూడలేకపోయాడు.

"ఈ బిడ్డ మా ఇంటికొస్తే మాకు వెలుగు. సూది సంగతి కూడా చెప్పినాడు మావాడు. మానుకుంటా."

నాగరత్నమ్మకు సగం అర్థం కాలేదు. అర్థమైన సగానికే ఆమె కళ్ళు తుడుచుకుంది.

పల్లవి తలుపు చాటు నుంచే అంది. "మామా, కాణిపాకంలో చెప్తారా?"

మునిరామయ్య తలుపు వైపు తిరిగాడు. చిత్తూరు జిల్లాలో ఆ మాటకు బరువెక్కువ. తాగుడు మానాలన్నా, దొంగతనం చేయలేదనాలన్నా తలకు నీళ్ళు పోసుకుని తడిబట్టలతో వరసిద్ధి వినాయకుడి ముందు నిలబడి ప్రమాణం చేస్తారు. అక్కడ అబద్ధమాడి బతికి బట్టకట్టినవాడు లేడని నమ్మకం. కోర్టు తీర్పును కాదన్నవాళ్ళు కూడా ఆ ప్రమాణానికి తల వంచుతారు.

"ఏందే ఆ మాట? పెద్దాయన్ని పట్టుకుని," అన్నాడు మునిరామయ్య.

"అడగనీ అప్పా," అన్నాడు పరంధామయ్య. "అడిగే హక్కుండాది ఆ బిడ్డకు."

ఆ శుక్రవారమే అందరూ కాణిపాకం వెళ్ళారు. ముసలాయన చలికి వణుకుతూ, ధోవతి నుంచి నీళ్ళు కారుతుండగా దేవుడి ముందు చెయ్యి చాచాడు. "జ్వరమొచ్చిన పసిబిడ్డకు ఈ చేత్తో ఇంక సూది వేయను సామీ."

జయచంద్ర పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పల్లవికి కన్నీళ్ళు ఆగలేదు. మొక్కులు, దండాలు, ప్రసాదం పొట్లాలు. తిరుగు బస్సులో కిటికీ దగ్గర జయచంద్ర పక్కన కూర్చుని ఆమె జీవితంలో మొదటిసారి తన కాలిని మరిచిపోయింది. ఇంటికి వెళ్ళే దారిలోనే ముహూర్తం మాటలు కూడా అయిపోయాయి.

ఆ తర్వాతి రోజుల్లో జయచంద్ర నవ్వు కొంచెం తగ్గింది. పల్లవి అడిగితే నవ్వులోనే చెప్పేవాడు.

"మా నాయనకు కొత్త పేరొచ్చింది తెలుసునా? సూది లేని డాక్టరు. జ్వరం మాత్ర ఇచ్చి తడిగుడ్డతో తుడవమంటే, మాత్రలు ఇచ్చేదానికి నువ్వెందుకప్పా, అంగట్లో మీ కొడుకు లేడా అని లేచి పోతా ఉండారు."

"యాడికి పోతారు?"

"పక్కూళ్ళో ఇంకో సూదాయన ఉండాడు. ఆడికి. మా నాయన పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని కుర్చీలో కూర్చుంటాడు. మధ్యాహ్నానికి అదే చొక్కాతో లేస్తాడు. చొక్కా నలగనన్నా నలగదు."

పల్లవికి బాధేసింది. "అలవాటు పడతారులే. కొంచెం దినాలు ఓర్చుకో."

"ఓర్చుకోవాల్సింది నేను కాదు గదా పల్లవీ," అన్నాడు. అప్పుడు ఆ మాటను ఆమె లోతుగా తీసుకోలేదు.

గానుగ మలి దఫా పాకం దిగింది. పెళ్ళి పనుల్లో ఉన్న మునిరామయ్య, "నువ్వే ఇచ్చిరా మే, కాబోయే అత్తిల్లు గదా," అని బెల్లం దిమ్మె గుడ్డలో కట్టి ఇచ్చాడు. పల్లవి ఆటోలో దిగింది. క్లినిక్‌లో పరంధామయ్య కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నాడు. ఆమెను చూసి ఉలిక్కిపడి పేపరు మడిచాడు.

"రామ్మా. వాడు... వాడు అంగట్లో లేడమ్మా. కూర్చో."

మందులంగడి వెనక గదిలో చిన్నబిడ్డ కెవ్వుమంది. ఆ ఏడుపు ఏ ఏడుపో పల్లవికి చెప్పనక్కరలేదు. కుంటుకుంటూ వెళ్ళి కర్టెన్ తీసింది.

చెరుకు కొట్టే కూలి అక్కమ్మ ఒళ్ళో బిడ్డను బోర్లా పడుకోబెట్టుకుంది. సత్యవేడు వైపు నుంచి వచ్చి నెల కిందటే చెరుకు తోటల్లో గుడిసెలు వేసుకున్న మనుషులు. జయచంద్ర దూదితో బిడ్డ తుంటిని రుద్దుతున్నాడు. రెండో చేతిలో ఖాళీ సిరంజి. దాన్ని పట్టుకున్న చిటికెన వేలి మీద నల్ల గీత, పొద్దున్నే గీసుకున్నట్టు తాజాగా ఉంది.

పల్లవి లోపలికి వచ్చింది. వంగి, ఏడుస్తున్న బిడ్డ ఎడమ చేతిని తీసుకుని వేళ్ళు విప్పి చూసింది. గోటి మీద గీత లేదు, చెరిగిన జాడ కూడా లేదు.

"ఈ బిడ్డకు చుక్కలు పోయించినారా అక్కా?"

"యాడమ్మా, మేము తోట తోటకీ తిరిగేవాళ్ళము. అబ్బాయి మంచోడు, సూదేసినాడు. ముసలాయన ఏయనంటే కాళ్ళు పట్టుకున్నా," అంది అక్కమ్మ.

అక్కమ్మ బిడ్డను చంకనేసుకుని వెళ్ళిపోయింది.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది పల్లవి.

"కాణిపాకం పోయొచ్చిన మలివారం నుంచి." జయచంద్ర సిరంజిని కింద పెట్టాడు. "నాయన ప్రమాణం తప్పలేదు పల్లవీ. ఆయన చెయ్యి సూదిని ముట్టలేదు. కాణిపాకంలో నేను ప్రమాణం చేయలేదు గదా."

"అది దేవుడికి చెప్పు. నాకు ఆ వేలి మీద ఒట్టేసినావు."

"ఆ కుర్చీలో మా నాయన కూర్చున్న తీరు నువ్వు చూసుంటే ఇట్లా మాట్లాడవు. ఇరవై ఏండ్లు ఊరంతా దండం పెట్టిన మనిషి. ఎవురూ రాని ఇంట్లోకి నిన్ను తెచ్చుకోమంటావా? ఇంకొకటి చెప్తా విను. నువ్వు ముందు చుక్కలు వేస్తావు. తర్వాత నేను సూది వేస్తా. చుక్కలు పడిన బిడ్డకు పోలియో రాదంటివి గదా. మరి నా సూది చేసే చెడు ఏముండాది?"

"గీత పడిందో లేదో అడిగినావా?"

అతను చేతిలోని దూదిని బుట్టలో పడేశాడు.

"నీకు తెలుసు. మీ నాయనకు అప్పుడు తెలియదు. నీకు తెలుసు," అంది పల్లవి. బెల్లం దిమ్మెను బల్ల మీద పెట్టింది. "ఇది మా నాయన పంపినాడు. మా అమ్మ ఇంకా మీ నాయనే నా ప్రాణం కాపాడినాడని అనుకుంటా ఉండాది. అట్లే అనుకోనీ."

పెళ్ళి ఆగిపోయింది.

కారణం ఎవరికి చెప్పినా అర్థం కాలేదు. నాగరత్నమ్మ తల కొట్టుకుంది. "కాలు దేవుడు తీసుకున్నాడు, కనీసం బుద్ధన్నా మిగిల్చినాడు అనుకున్నా. ఎవురి బిడ్డకో సూదేసినాడని బంగారం లాంటి పెళ్ళికొడుకును కాదనేదా?"

పల్లవి ప్రతి సందేళా చెరుకు తోటల్లోని గుడిసెలకు వెళ్ళేది. అక్కమ్మ బిడ్డ కాలి వేళ్ళను గిల్లి చూసేది, నిలబెట్టి చూసేది. మనసులో రెండు భయాలు ఉండేవి. ఆ కాలు పడిపోతుందేమోనని ఒకటి. పడిపోకపోతే తను పిచ్చిదవుతుందేమోనని రెండోది. రెండో భయం వచ్చినప్పుడల్లా సిగ్గుతో తల పగిలిపోయేది.

బిడ్డకు ఏమీ కాలేదు. మామూలు జ్వరమే. వారానికల్లా గుడిసెల మధ్య కోళ్ళ వెంట పరిగెత్తింది.

ఆ పరుగు చూసి పల్లవి గట్టు మీద కూర్చుని ఏడ్చింది. బిడ్డ పరిగెత్తినందుకు ముందు, తర్వాత తన కోసం. ఊళ్ళో మాత్రం అందరూ నవ్వారు. చూసినారా, ఏమైంది ఆ బిడ్డకు? కుంటిదానికి ఎంత పొగరు. పరంధామయ్య క్లినిక్ ముందు మళ్ళీ వరస పెరిగింది. ముందు గదిలో ముసలాయన నాడి చూస్తాడు, వెనక గదిలో కొడుకు సూది వేస్తాడు. రాని రోగాన్ని ఎవరికి చూపించి నమ్మించాలి? కళ్ళముందు దిగిన జ్వరానికి ఊరంతా సాక్ష్యం.

మూడో విడత చుక్కల ఆదివారం వచ్చింది. అదే షెడ్డు, అదే బల్ల. ఈసారి వాన లేదు, మండే ఎండ.

అక్కమ్మ బిడ్డను నడిపించుకుంటూ బల్ల ముందు నుంచే వెళ్ళిపోతోంది.

"అక్కా, చుక్కలు," అని పిలిచింది పల్లవి.

"ఎందుకమ్మా, ఆ అబ్బాయి సూదేసినాడు గదా. ఇంక ఏ రోగమూ రాదులే."

పల్లవి వాదించలేదు. లేచి, ఇనుప పట్టీ చప్పుడు చేస్తుండగా రోడ్డు దాకా నడిచి, బిడ్డ ముందు వంగి నాలుక బయటపెట్టింది. బిడ్డ నవ్వింది. చుక్కలు పడ్డాయి. చిటికెన వేలికి గీత పడింది.

తిరిగి వచ్చేసరికి బల్ల ముందు జయచంద్ర నిలబడి ఉన్నాడు. చిక్కిపోయాడు. యశోదమ్మ ఐసు డబ్బా సర్దుతున్నట్టు అటు తిరిగింది.

"మార్కరు అంగట్లో ఉండాది," అన్నాడు మెల్లగా. "కానీ గీసుకోబుద్ధి కాలేదు. నువ్వు పెడితేనే పెట్టుకుంటా."

ఎడమ చేయి బల్ల మీద పెట్టాడు. చిటికెన వేలు ఖాళీగా ఉంది. చెరిగిన చోట చర్మం కొంచెం తెల్లగా ఉంది. ఆ వేలును పట్టుకోవాలని పల్లవి చేయి ఎంత లాగిందో ఆమెకే తెలుసు.

"సూది మానినావా?"

అతను రోడ్డు అవతలి క్లినిక్ వైపు చూశాడు. ముందు గదిలో నలిగిన చొక్కాతో తండ్రి, బయట చెట్టు నీడ దాకా జనం. మళ్ళీ పల్లవిని చూశాడు.

"చుక్కలు పడని వేలికి గీత పెట్టకూడదు జయా. మొదటి దినం నేను నవ్వుకుని పెట్టినా. ఆ తప్పు నాదే."

మార్కరు మూత బిగించింది. తర్వాత వెనక నిలబడిన తల్లిని చూసి, "రాక్కా, బిడ్డ నోరు తెరిపించు," అంది.

జయచంద్ర చేయి ఇంకా బల్ల మీదే ఉంది. ఆ తల్లి, "కొంచెం జరగప్పా," అంటే అప్పుడు తీశాడు.